బీకర్లు కడిగే అక్క

ఆ ప్రయోగశాలలో పదకొండేళ్లుగా గాజు బీకర్లు కడుగుతున్న ఆమెను చిన్నా పెద్దా అందరూ అక్కా అనే పిలుస్తారు. పిలవడమే తప్ప, సలహా అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

అక్కడ ఆముదంతో మందు చేస్తారు. ఆముదాన్ని కంటికి ఆనని బిందువులుగా నలగ్గొట్టి నీళ్లలో కలిపి, ఆ బిందువుల్లో మందు దాచి చర్మం లోపలికి పంపాలి. ఒళ్లంతా పొలుసులు లేచి గోక్కునేవాళ్ల కోసం ఆ తంటాలు. చిక్కల్లా ఒక్కటే. పాలలా కుదిరిన మందు ఒకసారి నెల నిలిచేది, ఇంకోసారి మూడో నాటికే నూనె పైకి తేలేది. రెండు నెలల్లో తేల్చకపోతే మూసేస్తామన్నారు పైవాళ్లు. మూసేస్తే అందరికంటే ముందు ఇంటికి పోయేది అక్కే.

శాస్త్రవేత్త సార్లు నీళ్లు మార్చారు, నూనె మార్చారు, పాపం యంత్రాన్ని కూడా తిట్టారు. బీకర్లు కడిగే తొట్టి దగ్గరున్న మనిషిని మాత్రం అడగలేదు.

ఆమె చేతులకు సంగతి ఎప్పుడో తెలుసు. కిటికీ పక్క బల్ల మీది బీకర్లు ఒట్టి నీళ్లకే తళతళలాడేవి. ఏసీ కింది బల్లవి జిడ్డు వదలక ప్రాణం తీసేవి. ఒకరోజు ఉండబట్టలేక పెద్దసారు దగ్గరికి వెళ్లింది.

"సార్, ఏసీ కింద చేసిందే విరిగిపోతోంది. ఈ సార్లు నూనె కాచి, వేడి చూసి, కాగితం మీద రాసేసి, అక్కడ పెట్టి టీకి వెళ్తున్నారు. వచ్చేసరికి అది చల్లారి చిక్కబడుతోంది. ఇంక సన్నగా ఎలా నలుగుతుంది?"

పక్కనే ఉన్న కళ్లద్దాల శాస్త్రవేత్త కిసుక్కున నవ్వాడు. పెద్దసారు నవ్వలేదు.

"నీకెలా తెలుసమ్మా?"

"కడిగేది నేనే కదండీ!"

ఆ పూటే బల్ల జరిపించారు. నూనెను యంత్రంలో పోసే ముందు వేడి మళ్లీ చూశారు. మూడో రోజు మందు చెక్కుచెదరలేదు. ముప్పయ్యో రోజున సీసా వెలుతురుకి ఎత్తితే పైన నూనె జాడే లేదు. పైవాళ్లు మారుమాట్లాడకుండా మరో మూడేళ్లు పని సాగించమన్నారు. అక్క తొట్టి అంచు పట్టుకుని ఏడ్చేసింది. సంతోషంతోనూ, గర్వంతోనూ. గర్వపడితే మాత్రం తప్పేముంది?

తయారీ పుస్తకంలో పెద్దసారు కొత్త నియమం రాయించారు. మందు చేసిన బీకరును ఒట్టి నీళ్లతో కడగాలి, జిడ్డు మిగిలితే ఆ మందు పనికిరాదు. కడగాల్సింది చేసినవాళ్లే.

మర్నాడు కళ్లద్దాల శాస్త్రవేత్త చొక్కా చేతులు మడిచి తొట్టి దగ్గర నిలబడ్డాడు. అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అడుగున వేలు పెట్టి చూడండి బాబూ. జారుతోందా?"

"జారుతోందక్కా."

"మళ్లీ టీకి వెళ్లారా?"

అతను చొక్కా మీది టీ మరకను చేత్తో కప్పుకున్నాడు.

"పారబోసి మొదట్నుంచీ చేయండి" అంది అక్క.