రానోడి ఆకు

రాయగడ సంతలో కొన్న అడ్డాకు విస్తళ్ల కట్ట ఇంటికొచ్చి విప్పాను. ఆ పచ్చి వాసనకి లక్ష్మీపూర్‌లో మా వంటింటి గచ్చు గుర్తొచ్చింది.

అప్పుడు నేను మూడో తరగతి. ట్యూషన్ మాస్టారు 'నలభై వేల అయిదు' అంకెల్లో రాయమంటే, విన్నది విన్నట్టు నలభై వేలు రాసి పక్కన అయిదు పెట్టాను. 400005 అయింది. అయిదు స్థానాలే ఉండాలని కొట్టేసి, ఇంటిదగ్గర సరిచేసుకు రమ్మన్నారు.

మధ్యాహ్నం మామ్మ వరసగా అయిదు విస్తళ్లు వేసింది. ఇంట్లో ఉన్నది నలుగురం. నడిమిది సునాబెడ ఫ్యాక్టరీలో పనిచేసే బాబాయిది. ఏ బస్సుకి దిగుతాడో తెలీదని రోజూ వేసేది. అయిదు స్థానాలు దొరికాయి కదా అని మొదటి ఆకులో నాలుగు చింతపిక్కలు, చివరి ఆకులో అయిదు పెట్టాను. మధ్యలో మూడూ ఖాళీ. ఇవెందుకని తీసెయ్యబోయాను.

"ఏటమ్మీ ఆ పని!" అంటూ మామ్మ నా చెయ్యి పట్టుకుంది. "రానోడి ఆకు తీసెత్తారేటి? ఖాళీగున్నా ఉండాల."

నాకు వెలిగింది. ఒక్కో ఖాళీ ఆకుకీ ఒక సున్నా పెట్టి 40005 రాశాను. మా మామ్మకి లెక్కలన్నీ వచ్చని వీధంతా చెప్పుకున్నాను. ఆమె పింఛను కాగితం మీద వేలిముద్ర వెయ్యడం నేను చూసింది చాలా ఏళ్ల తర్వాత.

ఇవాళ మా అమ్మాయి నోటుబుక్కులో ఆరు లక్షల ఏడు కాస్తా 67 అయి కూర్చుంది. దాని ముందు ఆరు విస్తళ్లు పరిచి పిక్కలు పెట్టమన్నాను. ఖాళీ ఆకుల మీదకి దాని చెయ్యి వెళ్లగానే నా నోట అదే మాట వచ్చింది.

"రానోడి ఆకు తియ్యకూడదమ్మీ."