లంగరును ఎత్తుకుపోయిన చేప

హేవ్‌లాక్ దీవి రేవులో సరంగు లెవీని ఎరగని పడవ లేదు. కరెన్ జాతివాడు, మాయాబందర్ దగ్గర వెబి పల్లెలో పుట్టాడు. మీసం మొలవకముందే ఊపిరి బిగబట్టి సముద్రం అడుగున శంఖాలు ఏరిన మనిషి. సర్కారు శంఖాల మీద ఆంక్షలు పెట్టాక, సరదాకి డైవింగ్ చేసే అతిథులను తిప్పే పడవకి సరంగుగా కుదిరాడు.

ఆ పడవ షిబానీ మొండల్‌ది. బెంగాలీ కాందిశీకుల ఇంటి పిల్ల, లెవీ కన్నా వయసులో బాగా చిన్న. కుదిరిన మొదటి రోజే అతన్ని పడవ ముక్కు దగ్గర కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. లంగరును పగడాల మీదికి గిరాటెయ్యకూడదట, ఇసుక చూసి మెల్లగా దించాలట. లోతుకి నాలుగైదింతల తాడు వదిలితేనే ఇనుము పడుకుని ఇసుకని కరుస్తుందట. ఒడ్డున ఒక చెట్టుని, దాని వెనక ఒక కొండకొమ్మునీ వరసలో పెట్టుకుని కనిపెట్టి ఉండాలి, వరస తప్పితే పడవ జారినట్టే. తాడు కొసకి ఎప్పుడూ ఒక బెండు కట్టి ఉండాలి, ప్రాణం మీదికొస్తే తాడు విప్పి వదిలేయొచ్చు, తరవాత వెతుక్కోవచ్చు. దగ్గర్లో మనుషుల తలలు తేలే వేళ ఇంజన్ పంకా తిరగకూడదు. ఎంతమంది దిగినా పడవలో ఒకరు మిగిలి తీరాలి.

లెవీ తమలపాకు నములుతూ అంతా విన్నాడు.

“మా అమ్మ నన్ను కన్నదే పడవలో, తారామూ. చేపపిల్లకి ఈత నేర్పుతున్నావు,” అన్నాడు. తారాము అంటే వాళ్ల భాషలో పంతులమ్మ. అది గౌరవానికి అన్న మాట కాదని ఆమెకీ తెలుసు.

“చేపపిల్లవైతే నీళ్లలోకి రా లెవీ దా, ఒకటి చూపిస్తా,” అంది షిబానీ. దా అంటే బెంగాలీలో అన్న.

లెవీ వీపుకి గాలి సిలిండర్ కట్టుకోవడం అదే మొదలు. అంతకుముందు అతనికి సముద్రం అడుగంటే ఒక్క ఊపిరి. దూకడం, శంఖం అందుకోవడం, గుండె పగిలేలోగా పైకి తన్నుకు రావడం, అంతే. ఇప్పుడు అక్కడ నింపాదిగా నిలబడగలిగాడు. షిబానీ ముందుగా పడవలు ఏళ్ల తరబడి లంగర్లు విసిరిన చోటికి తీసుకెళ్లింది. విరిగిన పగడపు కొమ్మలు తెల్లగా, శ్మశానంలో ఎముకల్లా గుట్టపడి ఉన్నాయి. అక్కణ్ణించి కాస్త ముందుకి ఈదగానే ఇనుము తగలని దిబ్బ వచ్చింది. ఊదా, పసుపు, ఆకుపచ్చ. కొమ్మకొమ్మకీ చేపలు, పిడికెడు సందులో ఒక కాపురం. ఇన్నేళ్లూ దీని మీంచే పోతూ శంఖం తప్ప ఏదీ చూడలేదే అనిపించింది లెవీకి. మర్నాడు లంగరును పసిబిడ్డని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు ఇసుకలోకి దించాడు. తారామూ అని ఏడిపించడం మానలేదు.

కొన్నేళ్లు అలా గడిచాక ఒక ఎండాకాలం ఉదయం షిబానీ ముగ్గురు అతిథులతో నీళ్లలోకి దిగింది. సముద్రం అద్దంలా ఉంది. లెవీ ఒక్కడే పడవలో కూర్చుని చెట్టునీ కొండకొమ్మునీ చూస్తున్నాడు. చూస్తుండగానే చెట్టు పక్కకి జరిగింది. లంగరు జారిందనుకుని లేచాడు. కానీ పడవ నీటి వాలున పోవడం లేదు, ఎదురు పోతోంది. ఇంజన్ చూస్తే ఆపేసే ఉంది.

ముక్కు దగ్గరికి పరుగెత్తాడు. తాడు ఎద్దు పగ్గంలా బిగిసి ముందుకి సాగి ఉంది. దాని కింద, నీళ్లలో, పడవ కన్నా వెడల్పైన నల్లటి నీడ. మంటా అనే రాక్షసి టేకు చేప అది. దాని తలకి రెండు వైపులా ఉండే కొమ్ముల మధ్య తాడు తగులుకుంది. బెదిరి, ఇనపలంగరుతో సహా పడవని ఈడ్చుకుపోతోంది.

లెవీ చెయ్యి కత్తి మీదికి పోయింది. తెగ్గోస్తే ఆ చేప తాడుతో, ఇనుముతో ఎక్కడికో పోయి చస్తుంది, మళ్లీ దొరకదు. పట్టుకు కూర్చుంటే కిందనున్న నలుగురూ నడిసముద్రంలో పడవ లేకుండా తేలతారు. ముడి విప్పి బెండు నీళ్లలోకి విసిరేశాడు. ఎర్రటి బెండు నీళ్లని చీల్చుకుంటూ దూసుకుపోయింది. దాని వెంట పోవాలని ప్రాణం లాగింది. పోలేదు. అటు వీపు పెట్టి, కిందివాళ్ల ఊపిరి బుడగల కోసం వెతికాడు. కనబడ్డాక వాటికి దూరంగా పడవని తెచ్చి, ఇంజన్ ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. శంఖాల కాలంలో ఏ ఊపిరీ అతనికి ఆ ఎదురుచూపంత పొడుగ్గా అనిపించలేదు.

నాలుగు తలలూ తేలాయి. అందరినీ ఎక్కించాడు.

“తాడేది లెవీ దా?”

“చేప పట్టుకుపోయింది.”

షిబానీ వేళాకోళమనుకుంది. అతని ముఖం చూసి చుక్కాని అందుకుంది.

బెండు పోయిన వైపే వెతుకుతూ పోయారు, అది కనబడేసరికి దాని వేగం తగ్గిపోయి ఉంది. చేప అలిసి నీటి పైపొరలోనే మెల్లగా కొట్టుకుంటోంది. అతిథుల్లో ఒకడు దూకబోతే షిబానీ కూర్చోబెట్టింది.

“లోతు నించి ఇప్పుడే వచ్చాం, మేము మళ్లీ దిగకూడదు. నువ్వెళ్లు లెవీ దా. పడవ నేను చూస్తా.”

“పడవ కాపలా నా పని కదా తారామూ.”

“ఇవాళ నాది.”

లెవీ ఒట్టి ఊపిరితో దూకాడు. పక్కకి చేరేసరికి అది చేపలా లేదు, నేలే రెక్కలు తొడుక్కుని కదులుతున్నట్టుంది. తల మీద చెయ్యేశాడు. గరుకు కాగితంలాంటి చర్మానికి ముంజేయి గీసుకుపోయింది. లంగరు వేలాడే వైపు తాడు కోశాడు, ఇనుము కిందికి జారింది. పైకొచ్చి గాలి పీల్చి మళ్లీ మునిగి, కొమ్ముల మధ్య ఒరుసుకున్న తాడుని రెండో వైపు నించి లాగాడు. రాలేదు. ఇంకో ఊపిరికి వచ్చింది. అంతసేపూ ఆ చేప కన్ను అతన్నే చూస్తోంది. బెదురు చూపు కాదది. ఒక్కసారి కూడా రెక్క విదల్చలేదు.

తాడు వీడాక కూడా వెంటనే పారిపోలేదు. లెవీ కిందుగా ఒక చుట్టు తిరిగింది, తెల్లటి పొట్ట మీద నల్లమచ్చలు అతని కాళ్ల కింద నించి సాగిపోయాయి. తరవాత ఒకే ఒక్క రెక్క ఊపుతో నీలంలోకి దిగిపోయింది.

తిరుగుదారిలో లెవీ మిగిలిన తాడు చుట్ట చుట్టి బెండు పక్కన పెట్టాడు.

ఇంట్లో భార్య రూతీ ఎంత పెద్దదని అడిగితే చేతులు చాపాడు, చాలలేదు. పెరట్లోకి వెళ్లి వంటపాక మూల నించి బొప్పాయి చెట్టు దాకా నడిచి చూపించాడు. ఆదివారం చర్చిలో కృతజ్ఞత చెప్పే వేళ, ఎప్పుడూ లేవనివాడు లేచాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. కాసేపు అలాగే నిలబడి, కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు. పాస్టరు మరో పాటకి వెళ్లకుండా, అందరినీ అలాగే మౌనంగా ఉండనిచ్చాడు.