ఇల్లరికం వచ్చిన మామగారు

ఆడపిల్లలు నాన్న చేత పట్టుచీర కొనిపించుకుంటారు. నేను మా నాన్న దగ్గర ఆయన ఇల్లే కొన్నాను. కొన్న రోజు నుంచి ఇరవై మూడు రోజులు ఆ ఇంట్లో జరిగిన మహాసంగ్రామం గురించి ఇది. మీలో ఎవరికైనా ఇలాంటి ఆలోచన ఉంటే చదివి మానుకోండి.

ఈ ద్వీపదేశంలో పాయా లేబర్ అనే పేట దగ్గర పాత బ్లాకులో, ఎనిమిదో అంతస్తులో గవర్నమెంటు ఫ్లాటు. మూడు గదులంటారు గానీ అందులో హాలు కూడా ఒకటి. లిఫ్టు ఎనిమిదిలో ఆగదు, తొమ్మిదిలో ఆగుతుంది. అంచేత మేము ఇంటిని దాటి పైకి వెళ్ళి, మళ్ళీ మెట్లు దిగి ఇల్లు చేరతాం. మా ఇంట్లో ఏ పనైనా ఈ పద్ధతిలోనే జరుగుతుందని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

నాన్న షిప్‌యార్డులో వెల్డరు. శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు రాకముందే వచ్చి, సప్తసముద్రాల మీద తేలే ఓడల్లో సగానికి అతుకులు తనే వేశానని ఆయన చెబుతాడు. మిగతా సగం ఎందుకు మునగలేదో ఆయనకి ఇప్పటికీ ఆశ్చర్యమే. అమ్మ పోయిన నాలుగేళ్ళకి యార్డువాళ్ళు ఆయన చేతిలో ఒక గోడగడియారం పెట్టి ఇంటికి పంపేశారు. ఫ్లాటు వాయిదాలు మాత్రం ఇంకా మిగిలే ఉన్నాయి. గడియారం చూపిస్తే వాయిదా మాఫీ చెయ్యరు కదా.

అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. మా ఆయనది కరీంనగర్. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నింటికీ మతి పోతుందని లోకమంతా గుండెలు బాదుకుంటున్నప్పుడు, వాటిని కాపాడమని హైదరాబాదు నుంచి విమానాల నిండా దించిన వీరుల్లో ఈయనొకడు. లోకాన్ని కాపాడి సాయంత్రం ఇంటికొచ్చి మా నాన్న చేపలపులుసు తినేవాడు. "మా అల్లుడుగోరు ఇల్లరికం" అని నాన్న బ్లాకు కింద కాఫీషాపులో చెప్పుకుని మురిసిపోయేవాడు. ఇల్లరికమంటే ఏమిటో చైనా తాతలకి కూడా వచ్చీరాని మలయ్‌లో బోధపరిచాడు.

మా ఆయన మనసంతా పుంగ్గోల్ మీద ఉండేది. కొత్త టౌను, పక్కనే నీళ్ళు, ప్రతి అంతస్తులోనూ ఆగే లిఫ్టు. అయినా పెద్దాయన సంగతేమిటని ఒక ఆదివారం లాప్‌టాప్ తెరిచి, రామాయణమంత పట్టిక వేసి తేల్చాడు.

"నీ ఒక్కదాని జీతం మీద లోన్ రాదు. ఇద్దరం కల్సి తీస్కుంటే వస్తది. మామ ఇల్లు మనమే కొందం. వాయిదాల లొల్లి పోతది, ఆయన ఇక్కడ్నే ఉంటడు."

నాన్న క్షణం కూడా ఆలోచించలేదు. "ఓకే లా" అన్నాడు. టూత్‌పేస్టు కొనడానికి మూడు షాపులు తిరిగే మనిషి ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే నాకు అనుమానం రావద్దూ? రాలేదు.

హౌసింగ్ ఆఫీసులో ముగ్గురం వరసగా కూర్చుని, ఒక పెళ్ళికి శుభలేఖలు అచ్చువేయించేటన్ని కాగితాల మీద సంతకాలు పెట్టాం. చివర్లో కౌంటరులోని తమిళావిడ కొత్త యజమానుల పేర్లు పైకి చదివింది. ముందు నా పేరు, తర్వాత మా ఆయన పేరు. "అంకుల్, మీరు అదే ఇంట్లో ఉంటారు, కానీ ఓనర్ మీరు కాదు. ఓకే ఆ?" అంది. నాన్న పెన్ను గాలిలో ఆగింది. పగిలిన అతుకుని చూసినట్టు అల్లుడి వంక ఒక చూపు చూసి, సంతకం పెట్టేశాడు.

ఆ సాయంత్రం నేను విందు చేశాను. వంకాయ కూర, రొయ్యల వేపుడు, సేమ్యా పాయసం. నాన్న వచ్చి విస్తరి వైపు చూసి నిలబడిపోయాడు.

"కూర్చో నాన్నా."

"ఎలా కూకుంటానమ్మా? ఇది అల్లుడుగోరి ఇల్లు."

అప్పుడు వెలిగింది నాకు. పిల్లనిచ్చిన తండ్రి, ఆ పిల్ల కడుపు పండేదాకా ఆమె ఇంట చెయ్యి తడపకూడదని మావాళ్ళ ఆచారం. నాకింకా పిల్లల్లేరు. నిన్నటిదాకా నేను నాన్న ఇంట్లో ఉన్నాను, పేచీ లేదు. మధ్యాహ్నం మూడున్నరకి సంతకంతో ఆయన మా ఇంట్లో ఉన్నవాడైపోయాడు. ఒక్క అడుగు కూడా కదలకుండా మా నాన్న కూతురింటికి వచ్చేశాడు.

"నిన్నటేల వరకూ ఆయన ఇల్లరికం. ఇయాల్టి నుంచీ నాను ఇల్లరికం మావని. మకాన్ కింద చేసొస్తాను" అని, తిండికి మలయ్ మాట వాడేసి, లుంగీ సర్దుకుని, కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి వెళ్ళిపోయాడు.

అది మొదలు. తాళంచెవి పళ్ళెంలో పెట్టి మా ఆయనకి అప్పగించాడు. రోజుకి మూడుపూటలు కిందికెళ్ళి తినడం, తిరిగొచ్చి బెల్లు కొట్టడం. కాఫీకో బెల్లు, పేపరుకో బెల్లు. ఆ బెల్లులో ఒక పిట్ట కూసేది. ఇరవై మూడు రోజుల్లో దాని గొంతు బొంగురుపోయింది. ఎదురింటి మలయ్ ఆంటీ తలుపు తీసి, కన్నతండ్రిని గడప బయట నిలబెట్టిన రాక్షసిని చూసినట్టు నన్ను చూసేది.

లోపలికొచ్చినా శాంతి లేదు. "అల్లుడుగోరూ, ఫేన్ ఏసుకోవచ్చునా?" "అల్లుడుగోరూ, టీవీ సూడొచ్చునా?" హాకర్ సెంటర్లో బల్లమీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ కుర్చీ మనదే, దాన్ని చోప్ చెయ్యడమంటారు. మా నాన్న ఇరవయ్యేళ్ళుగా తను కూర్చునే పేము కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసి మరీ కిందికి వెళ్ళేవాడు.

"మామా, గిదేంది? మీ కుర్చీల ఎవరు కూసుంటరు?" అని మా ఆయన నెత్తి కొట్టుకునేవాడు.

"ఏమో బాబూ, పరాయిల్లు. మన జాగర్తలో మనం ఉండాల."

"మనవడు పుట్టేదాంక తినరా? దానికి అడ్వాన్స్ బుకింగ్ లేదు మామా!"

ఇద్దరి మధ్యా నేను అప్పడంలా నలిగిపోయాను.

ఇరవై మూడో రోజు నేను క్లినిక్కులో డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి నాన్న పెట్టె సర్దుతున్నాడు. లిటిల్ ఇండియాలో పాత యార్డు స్నేహితుడి గదిలో ఒక మంచం ఖాళీగా ఉందిట. నాన్న ఇక్కడ ఉండాలనే కదా, ఇద్దరి జీతాలూ ఇరవై అయిదేళ్ళకి తాకట్టు పెట్టింది! ఈయన వెళ్ళిపోతే ఆ గోడలు నాకెందుకు?

"నాన్నా, ప్లీజ్" అన్నాను. ఆయన గోడగడియారం దించి పంచెలో చుడుతున్నాడు.

మా ఆయన అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాడు. రెండేళ్ళలో ఆయన గొంతు పెంచడం నేను వినలేదు. ఆ రోజు తొమ్మిదో అంతస్తు దాకా వినబడింది.

"పోండి మామా! పోతే పూరాగ పోండి! గడియారం ఒక్కటే ఎందుకు, ఆ పొయ్యి ఎవరికిడ్సిపెడ్తున్రు? దాన్ని గూడ తీస్కపోండి!"

నాన్న చేతులు ఆగాయి. "పొయ్యా? ఇంటితో అమ్మీలేదేటి?"

"కాగితంల పొయ్యి యాడుంది? నేను గోడలకు లోన్ తీస్కున్న. పొయ్యికి తీస్కోలే!"

అది అమ్మ చీటీ పాడి కొన్న రెండు బర్నర్ల పొయ్యి. నాన్న కళ్ళజోడు పెట్టుకుని కాగితాల కట్ట అడిగాడు. పేము కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పక్కకి తోసి కూర్చుని, మొదటి పేజీ నుంచి చివరి ముద్ర దాకా వేలు పెట్టి చదివాడు. మేమిద్దరం పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల్లా నిలబడ్డాం. తలుపులున్నాయి, కిటికీలున్నాయి, కుళాయిలు కూడా ఉన్నాయి. పొయ్యి లేదు. గిన్నెలు లేవు.

కళ్ళజోడు తీసి, చాలా నెమ్మదిగా అన్నాడు. "అయితే ఈ ఇరవై మూడ్రోజులూ నా పొయ్యి మీద ఎవుల్ని అడిగి వండీసుకున్నారు?"

మా ఆయన వెంటనే పెట్టె అందుకున్నాడు.

పెట్టె బీరువా మీదికి ఎక్కింది. నాన్న పళ్ళెంలోంచి తాళంచెవి తీసుకుని బయటికెళ్ళి, గంటలో బియ్యం బస్తా భుజాన వేసుకుని వచ్చాడు. బెల్లు మోగలేదు. తాళం తిరిగిన చప్పుడు వినబడింది. తన బియ్యం తన గిన్నెలో తన పొయ్యి మీద వండి, "అల్లుడుగోరూ, రండి, మకాన్!" అని పిలిచాడు. మా ఆయన ఆ రాత్రి నాలుగుసార్లు వడ్డించుకున్నాడు.

అప్పటినుంచి నా ఇంట్లో నేను టీ పెట్టుకోవాలంటే నాన్నని అడగాలి. మంట ఎక్కువ పెడితే హాలులోంచి కేక. పాలు పొంగితే ఓడ మునిగినంత గోల.

రెండేళ్ళకి మా అమ్మాయి పుట్టింది. ఆసుపత్రి మంచం మీద నుంచే అన్నాను, "నాన్నా, ఆచారం తీరిపోయింది. ఇంక మా ఇంట్లో తినొచ్చు, సరేనా?"

మనవరాలిని ఎత్తుకుని, నన్ను జాలిగా చూశాడు.

"నా పొయ్యి ఉండగా మీ ఇంట్లో తినాల్సిన కర్మ నాకేటమ్మా?"