ఆరడుగుల దూరంలో కూర్చున్న మనిషి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. పెళ్ళి వీడియోలు తీసి బతికేవాణ్ణి. తెల్లవారుజాము ముహూర్తాలకు మేకప్ కాకముందే చుట్టాలందరినీ చూసినవాణ్ణి. నన్ను భయపెట్టడానికి ఇంక వేరే దయ్యం కావాలా? చదువు కూడా తక్కువే. ఎనిమిదో తరగతిలోనే బడికీ నాకూ రాజీ కుదిరింది. అందుకని అర్థం చెప్పే పని పెట్టుకోకుండా, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మణికొండలో మా పై అంతస్తులో సుజాత అని సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఉండేది. అప్పుడు నెలలు నిండుతున్నాయి. వాళ్ళ నాన్న ఓబులేసు గారిది కడప వైపు. ఆయనకు గొంతులో గడ్డ. మర్నాడు పొద్దున ఆపరేషన్, స్వరపేటిక తీసేస్తారు. ఇక మాట ఉండదు. పుట్టబోయే బిడ్డ తాత మాట వినాలి, ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి అని ఆ అమ్మాయి నన్ను పిలిచింది. ఉన్నది ఆ ఒక్క మధ్యాహ్నమే.

నా వీడియో కెమెరాకు ఫిల్ము రోజుల నాటి లెన్సు ఒకటి వాడతాను. రెండూ ఒకదానికొకటి అతకవు కాబట్టి మధ్యలో అడాప్టర్ అనే ఇనుప రింగు ఉంటుంది. నాది బాలానగర్‌లో లేత్ మీద చేయించుకున్నది. దాంతో తీస్తే ముఖం ఒక్కటే స్పష్టంగా ఉండి, వెనకున్నదంతా మసకలో కరిగిపోతుంది. అందులో కరెంటు, మోటారు ఏమీ లేవు. దూరం ఎంతో చూసుకుని చేత్తో తిప్పుకోవాలి. లెన్సు మీద అడుగుల అంకెలు చెక్కి ఉంటాయి. చిట్టచివర పడుకోబెట్టిన ఎనిమిది లాంటి గుర్తు. అది ఎంతో దూరాన ఉండే కొండలకు, మబ్బులకు.

వాళ్ళ ముందుగదిలో ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టాను. టేపు పెట్టి కొలిస్తే ఆరడుగులు. లెన్సును ఆరు దగ్గర పెట్టాను. ముఖం మసక.

అటూ ఇటూ తిప్పాను. రాలేదు. కుర్చీ చేతి మీదున్న స్టీలు గ్లాసు మాత్రం ఆరు దగ్గర అంచుతో సహా స్పష్టంగా ఉంది. సుజాతను పిలిచి ఆయన పక్కనే నిలబెట్టాను. ఆమె చెవి కమ్మలో రాయి కూడా కనిపించింది. ఆయన ముఖం మసకే.

“ఏమప్పా, నా మొగం అంత బాగలేదా? గంటనుంచీ తిప్పుతాండావు,” అన్నాడాయన. అప్పటికే గొంతు బొంగురు.

“మీది మస్తుగుంది పెద్దాయనా, నా లెన్సుకే సిగ్గైతుంది. జర కదలకున్రి,” అన్నాను.

ఆయన నవ్వాడు. నేను కూడా నవ్వాను. పది, పదిహేను, ముప్పై, అలా తిప్పుకుంటూ పోయాను. లెన్సు ఇక తిరగదన్న చోట, ఆ చివరి గుర్తు దగ్గర ఆయన ముఖం వచ్చింది. గడ్డం మీది తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. కుర్చీ, గ్లాసు, కూతురు అన్నీ కరిగిపోయాయి.

“వచ్చిందన్నా, ఇప్పుడు వచ్చింది,” అంది సుజాత, నా వెనక్కి వచ్చి భుజం మీదుగా తెర చూస్తూ.

అలాగే తీశాను. “బంగారూ, నేను మీ తాతను,” అని మొదలుపెట్టి, ఊళ్ళో బావి తవ్వినప్పుడు నీళ్ళు పడిన సంగతి చెప్పాడు. మాట అరిగిపోయేదాకా చెప్పాడు. ఆరడుగుల దూరంలో కూర్చుని మాట్లాడుతున్న మనిషి, ఆకాశానికి పెట్టిన లెన్సులో కనిపిస్తున్నాడు. ఈ మనిషి రేపు తిరిగి రాడేమో అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. కడుపుతో ఉన్న పిల్లకు ఏమని చెప్తాం?

ఇంటికెళ్ళి అదే రింగుతో మా ఆవిడను, గోడ గడియారాన్ని, కింద నిలబడ్డ ఆటోను చూశాను. అన్నీ వాటి వాటి అంకెల దగ్గరే ఉన్నాయి. లెన్సులు బాగుచేసే ఆయన్ను కూడా అడిగాను. రింగు మందంలో తేడా ఉంటే అన్నిటికీ తేడా రావాలి గానీ మనిషి ఒక్కడికే ఎట్ల వస్తుందన్నాడు.

ఓబులేసు గారు ఆపరేషన్ గట్టెక్కి ఇంటికొచ్చారు. మాట మాత్రం పోయింది.

మనవరాలి బారసాలకు నన్నే పిలిచారు. అదే గది, అదే లెన్సు. మెడకు తెల్లగుడ్డ కట్టుకుని, పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. భయంభయంగా ఆరు దగ్గర పెట్టాను. తాత, మనవరాలు ఇద్దరూ అక్కడే ఉన్నారు, స్పష్టంగా.

భోజనాల సందడిలో ఆయన పక్కన చేరాను. ఎగతాళి చేసినట్టే అడిగాను: “ఆ దినం యాడికి పోయిన్రు పెద్దాయనా? నా లెన్సుకు అందకుంట?”

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. వంటగదిలో ఉన్న కూతురి వైపు ఒకసారి చూశారు. తర్వాత నా వైపు తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

ఆ రోజు ఆయన ఎక్కడున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. మళ్ళీ అడిగే ధైర్యం కూడా చేయలేదు. పాపకు రోజూ ఆ మొదటి వీడియో పెడుతున్నారట. తాత ఎంతో దగ్గరగా కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుందని సుజాత అంటుంది.