గాజులోపలి మరచెంబు

వీరబ్రహ్మం సంగతి చెప్పబోతే నాకు ముందు ఒళ్ళు మండుతుంది, మాట తర్వాత వస్తుంది. మండపేటలో మా డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఆయన అటెండరు, నేను ఆఫీసులో టైపిస్టుని. ఇరవయ్యేళ్ళలో ఆయన ఆ ల్యాబులో కూర్చోగా నేను చూడలేదు. అటెండరు కూర్చోకూడదని ఏ రూల్సులోనూ లేదు. ఆయనే పెట్టుకున్నాడు.

తొంభై నాలుగులో మా ఫిజిక్స్ లెక్చరరు యెహెజ్కేలు మాస్టారు రిటైరవుతూ ఒక లేజర్ గొట్టం, మందు పూసిన గాజు పలకల పెట్టె ఆయన చేతిలో పెట్టి వెళ్ళారు. లేజర్ వెలుగుతో ఆ పలక మీద ఒక వస్తువు ముద్ర పడితే, తర్వాత అదే వెలుగు వేసినప్పుడు ఆ వస్తువు గాజు వెనకాల గాల్లో ఉన్నట్టే కనిపిస్తుంది. హోలోగ్రామ్ అంటారు. చిక్కల్లా ఏంటంటే, ఎదురుగా నిలబడినవాడికే కనిపిస్తుంది. అడుగు పక్కకి వేస్తే మాయం.

"ఒక్కడికే కనపడితే జనం దయ్యం అంటారయ్యా. నలుగురికీ ఒకేసారి కనపడేలా చెయ్యి చూద్దాం" అన్నారట మాస్టారు. ఆ మాట ఈయన బుర్రలో పడింది. ఇంక చూస్కోండి.

చెక్కపెట్టెలో గోదారి ఇసుక పోసి, అదరకుండా కింద ట్రాక్టరు ట్యూబులు పెట్టాడు. ఇసుక మధ్యలో వాళ్ళమ్మ ఇత్తడి మరచెంబు అతికించాడు. చుట్టూ వంపుగా ఆరు పలకలు, ఒక్కో పలక మీద ఒక్కో పక్క నుంచి చెంబు ముద్ర పడాలి. అన్నీ కలిస్తే ఇటు నుంచి అటు నడిచినా చెంబు చెదరదు. అదీ లెక్క.

కానీ గోడవతల రాత్రీ పగలూ ఆడే రైసు మిల్లు. ముద్ర పడేటప్పుడు నేల వెంట్రుకవాసి వణికినా పలక పోయినట్టే. కరెంటు పోతే మిల్లు ఆగుతుంది కదా అంటారా? లేజరూ ఆగుతుంది. పైగా వాళ్ళు డీజిలు ఇంజను వేస్తారు. మొత్తానికి ఏడాదికి ఒక్కరోజే నేల నిలకడగా ఉండేది, దసరాకి ఆయుధపూజ రోజు. మిషన్లకి బొట్లు పెట్టి, దండలు వేసి, ఒక పూట ఆపుతారు. ఇసుక కుదురుకోవడానికే రెండు గంటలు. ఒక పలక అయ్యేసరికి మిల్లులో కొబ్బరికాయ కొట్టి బెల్టు ఎక్కించేసేవారు. అంటే ఏడాదికి ఒక పలక. తొంభై ఏడులో అదీ పోయింది. మిల్లు ఫిట్టరు బుజ్జిబాబు ముహూర్తం దాటిపోతుందని ముందే మిషను తిప్పాడు.

"ఒక్క తిప్పే కదండీ!" అన్నాడు. ఆ ఒక్క తిప్పుకి ఏడాది పోయింది.

"మా అత్తగారి చెంబు ఇసకలో పాతేశారండీ. ద్వారకా తిరుమల ప్లాస్టిక్ సీసా పట్టుకెళ్తన్నాను" అని ఆయన భార్య రామతులసి నా దగ్గర వాపోయేది.

రెండువేల ఒకటి దసరాకి ఆరో పలక అయింది. మర్నాడు నన్ను పిలిచాడు. అసలు చెంబు మీద నల్లగుడ్డ కప్పి, లైటార్పి, లేజర్ వేశాడు. గాజు వెనక ఎర్రగా మరచెంబు! నేను ఎడం నుంచి కుడికి నడిచాను. మూత తిరిగింది, అవతలి పక్క సొట్ట కూడా కనిపించింది.

"కనపడతందాండీ, సంపూర్ణమ్మగారూ?"

"కనపడతంది మహానుభావా!" అని కేకేశాను. ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ నెలలోనే ఆ గది కంప్యూటర్లకి కావాలన్నారు. ఇసుకపెట్టె కదిపితే పలకల పొందిక చెదిరి ఏడేళ్ళ పని గంగపాలు. కరస్పాండెంటు పల్లంరాజుగారు పెద్దమనసు చేసుకుని, "సోమవారం కాలేజీ కమిటీవాళ్ళం వస్తాం. మా నలుగురికీ కనపడితే గది నీదే" అన్నారు.

సోమవారం వీరబ్రహ్మం ప్రిన్సిపాలు గదిలోంచి నాలుగు కుర్చీలు తనే మోసుకొచ్చి, తువ్వాలుతో తుడిచి వేశాడు. పెద్దలు కూర్చున్నారు. లైటార్పి లేజర్ వేశాడు.

"ఏదయ్యా?" అన్నారు పల్లంరాజుగారు.

వీరబ్రహ్మం ఆయన కుర్చీ పక్కన వంగి చూశాడు. వట్టి గాజు. అప్పుడర్థమైంది ఆయనకి. పక్కకి వెడల్పు పెంచుకుంటూ పోయాడు గానీ పైకీ కిందకీ జానెడే మిగిలింది. ఆ జానెడూ నిలబడినవాడి కళ్ళ ఎత్తున ఉంది. ఏడేళ్ళూ తను నిలబడే కదా చూసింది! పలకల చట్రం దించుదామంటే బోల్టులు బిగించేసి ఉన్నాయి. ఒక్కసారి లేవండి అంటే సరిపోయేది.

"అయ్యా... తమరు..." అన్నాడు. చేతులు కట్టుకున్నాడు. అంతే.

నేను కాఫీల ట్రే పట్టుకుని వాళ్ళ కుర్చీల వెనక నిలబడి ఉన్నాను. నాలుగు తలల పైన చెంబు నిగనిగలాడుతూ నాకు కనిపిస్తోంది. నేనైనా అనొచ్చు. ఉద్యోగం గుర్తొచ్చి నోరు పెగల్లేదు.

"సర్లే, ఇంక వెళ్తాం. చీకట్లో ఏం లేస్తాం, లైటెయ్యి" అన్నారు పల్లంరాజుగారు. వీరబ్రహ్మం లేజర్ ఆపి లైటు వేశాడు. అప్పుడు లేచారు.

వాళ్ళు వెళ్ళాక ఆయన మీద విరుచుకుపడ్డాను. "లేవమని అనలేకపోయారా?"

"పెద్దలండీ. కూర్చోబెట్టి లేపుతామాండీ?" అన్నాడు. మీరెందుకు అనలేదని నన్ను అడగలేదు. అడిగినా బాగుండేది.

ఆ ఇసుక కంప్యూటర్ల అరుగులకి వాడేశారు. చెంబు పీకితే అడుగు ఊడింది. పలకలు రామతులసి పాతచీరలో చుట్టి అటక మీద పెట్టింది. ఆ తర్వాత వీరబ్రహ్మం గంట కొట్టడం, ఫైళ్ళు మొయ్యడం తప్ప ఏమీ చెయ్యలేదు. రెండువేల ఆరులో కామెర్లొచ్చి పోయాడు.

సంతాపసభ ఆ కంప్యూటర్ గదిలోనే పెట్టారు. ఆ కమిటీ నలుగురూ ముందు వరసలో కూర్చున్నారు. నోట్లో నాలుక లేని మనిషి అని పల్లంరాజుగారు మెచ్చుకున్నారు. తర్వాత, "వీరబ్రహ్మం ఆత్మశాంతికి అందరం లేచి రెండు నిమిషాలు నిలబడదాం" అన్నారు.

నలుగురూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. ఆ రోజు అరనిమిషం లేచినా సరిపోయేది.