ఆదివారం కాడి గుడిలోనే

1931 వేసవిలో జిల్లా బోర్డు వారు నన్ను కోడుమూరు సెక్షనుకు ఓవర్సీరుగా వేశారు. ఆ సంవత్సరం నిజమే. ఇక్కడి నుంచి మాత్రం నా మాటల్లో కొంత తరుగు తీసేసి చదువుకోవాలని మనవి. రోడ్డు పని చేసినవాడికి కంకర గుట్టను ఉన్నదానికంటే కాస్త ఎత్తుగా చూసే అలవాటు ఉంటుంది. రిటైరయ్యాక నాకు ఆ జబ్బు ఇంకా ముదిరింది.

ఓవర్సీరంటే ఏమిటో ఈ కాలం వారికి తెలియకపోవచ్చు. పైన ఇంజనీరు దొర, కింద మేస్త్రీ. ఆ ఇద్దరి కోపాలూ వచ్చి కలిసే చోట ఓవర్సీరు ఉంటాడు. రాయి కొట్టించడం, కంకరను అడుగు లేని చెక్కపెట్టెతో కొలిపించడం, పరిపించి నీళ్ళు చల్లించడం, పైన గరుసు మట్టి పోయించి రోలరుతో తొక్కించడం మా పని. మా రాతి రోలరుకు కట్టే ఎద్దులు ఎన్నంటే, ముందు జత కోడుమూరులో నీళ్ళు తాగుతుంటే వెనక జత ఇంకా పత్తికొండ దారిలో నెమరు వేస్తూ ఉండేది. ఎండ సంగతి చెప్పనే చెప్పను. మధ్యాహ్నమయితే నా నీడ కూడా నన్ను వదిలిపెట్టి చింతచెట్టు కిందికి వెళ్ళి కూర్చునేది.

ఆ రోలరు గుంపంతా ఒకే ఊరి క్రైస్తవ పేట వాళ్ళు. అప్పటికి యాభై ఏళ్ళ కిందటి ధాత కరువు నాడు వాళ్ళ తాతలు మతం పుచ్చుకున్నారు. గుంపుకు మేస్త్రీ, సంఘానికి పెద్ద, ఇద్దరూ ఒకరే: దావీదు. అతని భార్య మార్తమ్మ గంప ఎత్తితే మగవాళ్ళు తమ గంపలను చూసుకుని సిగ్గుపడేవారు, నోరెత్తితే ఊరే సిగ్గుపడేది.

వాళ్ళకొక ఆచారం ఉండేది. శనివారం పొద్దు గుంకేసరికి సుత్తులు, పారలు, రోలరు కాడి, అన్నీ మోసుకుపోయి గుడిలో గోడవార పెట్టేవారు. గుడి అంటే మట్టిగోడల మీద బోదగడ్డి కప్పు, బయట గంటకు బదులు కొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్క. సోమవారం ఆ పట్టా మోగేదాకా పనిముట్టు బయటికి రాదు. ఎందుకని అడిగితే దావీదు చెప్పాడు: "మనిషిని రెక్క పట్టి ఈడ్చకపోతారు సామీ. పార లేకుండా ఈడ్చకపోయి ఏం చేయించుకుంటారు?"

ఈడ్చుకుపోయేది ఆ ఊరి రెడ్డి. పొలాలున్నవాడు, ఖద్దరు కట్టేవాడు, స్వరాజ్యం మీద గంటలకొద్దీ మాట్లాడేవాడు. అయినా ఆదివారం కూలికి రామంటే మండిపడేవాడు. "తెల్లోళ్ళ కులంలో కలిసినారు, దొరలైపోయినారప్పా! ఇంగ దొరసాన్లకు గొడుగులు కూడా కొనియ్యండి" అని వీధిలో ఎగతాళి చేసేవాడు. పేటలో సగం ఇళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఆ మాటలు పడలేక ఆదివారం ఆయన చేనికి వెళ్ళినవే.

ఒక శనివారం ఇంజనీరు దొర బంగళాలో దిగి నాకు కబురు పంపాడు. మద్రాసు నుంచి అంతకంటే పెద్ద దొర ఒకాయన సోమవారం పొద్దున్నే మా రోడ్డున కారులో వెళతాడు. వాగు దగ్గర కంకర పరిచాం గాని ఇంకా తొక్కించలేదు. ఆదివారం తొక్కించాలి, లేకపోతే గుంపును తీసేస్తానన్నాడు. ఆ వేసవిలో ఆ చుట్టుపక్కల రోడ్డు పని తప్ప మరో కూలి లేదు. ఆ మాట ఆయనకూ తెలుసు.

నేను పేటకు పోయి సంగతి చెప్పాను. దావీదు నింపాదిగా విని, సోమవారం కోడి కూతకే కాడి కడతామన్నాడు. ఆదివారం మాత్రం కుదరదన్నాడు.

ఇంజనీరు దొర గట్టివాడు. ఆ ఆదివారం ఆరాధన కోసం ముందురోజే వచ్చి గుడారం వేసుకున్న పాదిరి దొరకు నా చేతే చీటీ పంపాడు. పాదిరి దొర మంచివాడు, ఆయన తెలుగు ఇంకా మంచిది. "ఓ ప్రియులారా" అనకుండా మంచినీళ్ళు కూడా అడిగేవాడు కాదు. పెద్దలను పిలిచి, విశ్రాంతి దినాన ఎద్దు గుంతలో పడితే తీయడం తప్పు కాదని ప్రభువే చెప్పాడు గనుక ఈ ఒక్క ఆదివారం పని చేయవచ్చునని సెలవిచ్చాడు.

దావీదు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "గుంతలో పడింది మా ఎద్దు కాదు దొరా, మీవాళ్ళ కారు. అదీ ఇంగా పడలేదు."

పాదిరి దొర అప్పుడు అడగకూడని ప్రశ్న అడిగాడు: ఈ ఆదివారాన్ని మీకు ఇచ్చింది మేమే కదా? "తెచ్చింది మీరే దొరా, కాదనం. ఇచ్చినోడు వేరే. మీరు చెప్పినారని మొదులుపెట్టలేదు, మీరు చెప్పినారని ఇడిసిపెట్టం" అని దావీదు తలగుడ్డ చుట్టుకుని బయటికి వచ్చేశాడు.

మర్నాడు ఇంజనీరు దొర నన్ను వెంటబెట్టుకుని స్వయంగా గుడి దగ్గరికి వచ్చాడు. కాడి బోర్డు ఆస్తి, బయట పెట్టమన్నాడు. వాకిట్లో నిలబడ్డ మార్తమ్మ పక్కకు తప్పుకుంది. "తలుపు తీసే ఉండాది. కాడి ఆడే ఉండాది. ఆరాధన జరుగుతాండాది, టోపీ తీసి పోండి సామీ."

దొర టోపీ తీశాడు. తీసిన తర్వాత ఆయన క్రైస్తవుడైపోయాడు. అదే ఆయన చేసిన తప్పు. పాట మధ్యలో లేవలేడు, ప్రార్థన మధ్యలో కాడి ఎత్తలేడు. చాప మీద మోకాళ్ళు మడవలేక ఒంటెలా కూర్చున్నాడు. దావీదు ప్రార్థన అందుకున్నాడు. బోర్డు కోసం, బోర్డు వారి ఎద్దుల కోసం, కోడుమూరు రోడ్డు కోసం, బనగానపల్లె మామిడి కాపు కోసం, మోకాళ్ళ నొప్పులున్న వారందరి కోసం ప్రార్థించాడు. నేను గుమ్మం బయట దొర బూట్లకు కాపలా కాస్తూ విన్నాను. నా గడ్డం అంగుళం పెరిగింది. చివరికి పొద్దు వాలుతుండగా దొర కాడి లేకుండా బయటికి వచ్చి, బూట్లు తొడుక్కుని, గుంపును ఆ క్షణం నుంచే తీసేశానని నాతో ఇంగ్లీషులో, వాళ్ళతో తెలుగులో చెప్పి వెళ్ళిపోయాడు.

ఈ వింతంతా వీధిలో నిలబడి చూసిన రెడ్డికి పట్టరాని ఆనందం కలిగింది. అరుగెక్కి ఉపన్యాసమే ఇచ్చాడు. "తెల్లోనికి ఎదురు నిలిసినారంటే మీరు రా మగోళ్ళు! పెట్టుకున్న ఆచారం ఎవురు చెప్పినా ఇడిసిపెట్టాకండి!"

మార్తమ్మ చేతులు కట్టుకుని అంది: "శానా బాగా చెప్పినారు సామీ. వచ్చే ఆదివారం మీ చేనికి గూడా రాం. ఎవురు చెప్పినా."

ఊరంతా వింటోంది. తెల్లదొర విషయంలో మెచ్చిన పనిని తన విషయంలో కాదనలేక ఆయన అరుగు దిగి ఇంటిదారి పట్టాడు.

సోమవారం పెద్ద దొర కారు వాగు దగ్గర ఇరుసుదాకా దిగబడింది. పని పోయిన దావీదు గుంపే వెళ్ళి, సోమవారం కాబట్టి, దాన్ని భుజాల మీద ఎత్తి అవతల పెట్టింది.

తర్వాత తొలివాన శనివారం రాత్రి పడింది. మెట్ట రైతుకు పదును అంటే ప్రాణం. ఒక్కరోజు ఆలస్యమైతే నేల ఆరిపోతుంది, విత్తనం మొలవదు. ఆదివారం పొద్దున రెడ్డి పేట దాకా వచ్చాడు. రైలు పట్టా మోగుతోంది. అది వింటూనే వెనక్కి పోయి, తన కొడుకుల చేత విత్తనాల గొర్రు పట్టించాడు. ఆ సాళ్ళు పాము పాకినట్టు వచ్చాయని మార్తమ్మ తర్వాత చాలాకాలం చెప్పుకుంది. ఆ పేట వాళ్ళను ఆదివారం కూలికి ఆయన మళ్ళీ పిలవలేదు. రోడ్డు పని మాత్రం ఆ వేసవి వాళ్ళకు తిరిగి రాలేదు. పస్తులున్నారు.

ఇప్పుడు తరుగు సంగతి. ఎద్దులను, నా నీడను, గడ్డాన్ని మీరే తగ్గించుకుని ఉంటారు. గుడారంలో అన్న మాటలు, గుడిలో కూర్చున్న దొర, గొర్రు పట్టిన రెడ్డి కొడుకులు, ఇవన్నీ జరిగినవే. నేను పూర్తిగా కల్పించింది కారు దిగబడడం ఒక్కటే. కారు దుమ్ము లేపుకుంటూ హాయిగా వెళ్ళిపోయింది. లోపల పెద్ద దొర నిద్రపోతున్నాడు.

ఈ కథను ఒకసారి దావీదు ముందే చెప్పాను. అంతా విని, "కారు ఎందుకు దిగేసినావప్పా? దిగకపోయినా మేం ఆదివారం కాడి కట్టేవాళ్ళం కాదే" అన్నాడు. అప్పటికి ఇద్దరం ముసలివాళ్ళం, సామీ పోయి అప్పా వచ్చింది.

నేను నేర్చుకున్నది ఇంతే. కాదన్నవాడి మాట నిజమని తేల్చడానికి వాగులో కారు దిగబడనక్కర్లేదు. అది కథ చెప్పేవాడికి కావాలి.