మంచుకోట అడిగిన కరెంటు

బస్రాలో ఆ వీధిలో అన్మార్‌ని ఎరగనివాళ్లు లేరు. దేశం మీద ఆంక్షలున్న రోజుల్లో, రొట్టెకే కటకటలాడే కాలంలో, ఎవరో కాపీ చేసిచ్చిన సీడీలో ‘మంచుకోట’ ఆట ఆడుతూ పెద్దవాడయ్యాడు. మంచంటే ఎలా ఉంటుందో తెలియని ఊళ్లో ఎండాకాలాలన్నీ ఆ మంచులోనే గడిపాడు. ఇప్పుడు నలభై దగ్గరపడుతున్నా పెళ్లి మాట ఎత్తనివ్వడు. ఎనిమిది పాత కంప్యూటర్లతో ఆటల హాలు నడుపుతాడు. వచ్చిన కుర్రాళ్లకి ఎండునిమ్మ టీ పోసి మరీ ఓడిస్తాడు.

హాలు పై వాటాలో ఉమ్ నవార్ అనే పెద్దావిడ ఉంటుంది. అన్మార్ ఆవిడని ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తాడు. ఊపిరితిత్తులు పాడై, ఆక్సిజన్ మిషన్ గొట్టం ముక్కుకి తగిలించుకునే కూర్చుంటుంది. సర్కారు కరెంటుని నమ్మి అక్కడ ఎవరూ బతకరు. వీధి జనరేటరు నడిపే అబూ ఫలాహ్ దగ్గర ఆంపియర్ల లెక్కన కొనుక్కుంటారు. కొత్త లైన్లు ఇవ్వలేనని అబూ ఫలాహ్ చేతులెత్తేసిన ఏడాది, అన్మార్ తన బోర్డు నుంచే పైకి తీగ లాగి, తన వాటాలోంచి ఒకటిన్నర ఆంపియర్ ఆవిడకి ఇచ్చాడు. అడిగించుకోకుండా ఇచ్చాడు. ఆవిడ ఊపిరి ఆ తీగ మీదే ఆధారపడి ఉంది.

‘మంచుకోట’ని సరికొత్తగా మళ్లీ తయారుచేస్తున్నారని తెలిసిన రోజు అన్మార్ చిన్నపిల్లాడైపోయాడు. విడుదల రోజే హాల్లో పెద్ద తెర మీద ఆడిస్తానని వీధంతా చాటాడు. చాటాక, ఆట నడవాలంటే కంప్యూటర్‌లో ఏమేం ఉండాలో కంపెనీ ప్రకటించింది. అన్మార్ అది మళ్లీ మళ్లీ చదివాడు. అతని కంప్యూటర్లు సగం కలిపినా ఆ మెమరీ రాదు. అడిగిన గ్రాఫిక్స్ కార్డు పేరు వినడమే తప్ప కంటితో చూసింది లేదు. చిన్ననాటి స్నేహితుడు సినాన్‌కి ఫోన్ చేతికిచ్చి చూపిస్తే వాడూ కళ్లు తేలేశాడు.

“ఇది ఆటరా, రాకెట్టా?” అన్నాడు.

“మంచు రేకులు దేనికదే విడివిడిగా రాలతాయట.”

“రాలనీ. మన రోజుల్లో తెల్లచుక్కలే మంచు. చలి వెయ్యలేదని ఎవడైనా గొడవ చేశాడా?”

అన్మార్ వింటేగా. మోటారు సైకిలు అమ్మి కార్డు కొన్నాడు. పాత కంప్యూటర్లు కొన్ని తెగనమ్మి మిగతా సామాను తెచ్చాడు. అడిగినవన్నీ అమిరాయి. ఎన్ని ఆంపియర్లు కావాలో మాత్రం కంపెనీవాళ్లు రాయలేదు. వాళ్లకి ఆ బెంగ ఎప్పుడూ పట్టుకున్నట్టు లేదు. అన్మారే కూర్చుని లెక్కేసుకున్నాడు. మిగతా కంప్యూటర్లు ఆపేస్తే, కూలరుతోనూ పై వాటా మిషన్‌తోనూ కలిపి బొటాబొటిగా సరిపోతుంది. కష్టపడేటప్పుడు ఆ కార్డు ఒక్కసారిగా ఎంత లాగుతుందో మాత్రం లెక్కలో వేసుకోలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక హాలు కిక్కిరిసింది. ఆట తెరుచుకోగానే లోడు మోయలేక బోర్డు మీద బ్రేకరు టప్పుమని పడిపోయింది. అన్మార్ ఎత్తాడు. మళ్లీ పడింది. కుర్రాళ్లు ఈలలు వేశారు. కోట తలుపు కన్నా ముందు అబూ ఫలాహ్ తలుపు తట్టమని సినాన్ ఎగతాళి చేశాడు. అన్మార్ చెమటలు తుడుచుకుని ఇంకోసారి ఎత్తాడు. ఈసారి నిలబడింది. తెర నిండా మంచు కురిసింది, రేకు రేకునా. కుర్రాళ్లు తెర దగ్గరికి జరిగారు.

అంతలో ఏదో తేడాగా తోచింది. కూలరు తిరుగుతూనే ఉంది. తను ఏదీ ఆపలేదు, ఏదీ మార్చలేదు. మరి ఎలా నిలబడింది? వెనక్కి తిరిగి ఆంపియర్ల మీటరు చూశాడు. ముల్లు ఉండాల్సిన చోట లేదు, ఒకటిన్నర తక్కువ చూపిస్తోంది.

మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలియదు.

ఉమ్ నవార్ కుర్చీలో ముందుకు వంగి ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. గొట్టం ఒళ్లో పడి ఉంది. మిషన్ స్విచ్చి ఆపేసి ఉంది. మందుల షాపులో పనిచేసే కూతురు ఇంకా రాలేదు. అన్మార్ గొట్టం తీసి ఆవిడ ముక్కుకి పెట్టి, స్విచ్చి నొక్కాడు.

“ఎవరాపారు ఖాలా?”

“నేనే నాయనా,” అంది, ఒక్కో మాటకీ ఆగి ఆగి. “మాటిమాటికీ కరెంటు పోతుంటే... నా మిషన్ వల్లేమో అనుకున్నా. పిల్లలు... ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్నారు కదా. కాసేపే కదా అని.”

కింద బ్రేకరు పడిన చప్పుడైంది. కుర్రాళ్లు ఉసూరుమన్నారు. ఆవిడ మిషన్ కూడా ఆగిపోయింది.

“చూశావా,” అంది ఆవిడ, తప్పు తనదే అన్నట్టు.

అన్మార్ ఒక్క ఉదుటున కిందికి వచ్చాడు. ఎవరేమంటున్నారో వినిపించుకోలేదు. కొత్త కంప్యూటర్ తీగ గోడలోంచి పెరికేశాడు, కూలరుదీ పెరికేశాడు, కనిపించినదల్లా పెరికేశాడు. హాలు చీకటైంది. బ్రేకరు ఎత్తి, ఫోన్ వెలుగు మీటరు మీద వేశాడు. ముల్లు మెల్లగా లేచి ఒకటిన్నర దగ్గర ఆగింది.

“ఆట అయిపోయిందా?” అని సినాన్ అడిగాడు.

అన్మార్ మీటరు ముందునుంచి కదలకుండా, అందరూ చూస్తుండగానే, వెక్కివెక్కి ఏడ్చాడు.